ఎడమ నుంచి మూడోవాడు

సిరోకో గాలి నాలుగు రోజులుగా వదలట్లేదు.
త్రియెస్తె రేవు మీద ఆకాశం
పిండకుండా ఆరేసిన గుడ్డలా వేలాడుతోంది.
ఉప్పు ముద్దకట్టింది.
తలుపు ఉబ్బి, భుజమేస్తే గాని తెరుచుకోదు.
నివెస్ కొస్సుత్త ఫ్రేముల కొట్లో
ఫొటో మళ్ళీ పొక్కింది.

పొక్కడం కూడా ఎక్కడ? అదే చోట.
నౌకల యార్డులో పద్నాలుగు మంది వెల్డర్లు,
ముసుగులు నుదుటి మీదికి ఎత్తి
ఎండకి కళ్ళు చికిలించుకున్న నలుపు తెలుపు బొమ్మ.
ఎడమ నుంచి మూడోవాడి మొహం మాత్రం
కాగే పాల మీద మీగడలా
ఉబ్బి లేచింది.

మొదటిసారి తప్పు నాదే.
ప్రెస్సు మీది ముల్లుని నమ్మి తొంభై డిగ్రీలనుకున్నాను.
కొలత పట్టీ పెట్టి చూస్తే డెబ్బై దాటలేదు.
వేడి కింది దాకా దిగలేదు.
టిష్యూ ఫొటోని కరుచుకుంది గాని
అట్టతో అంటీ ముట్టనట్టే ఉంది.

వేడి సరిచేశాం.
అప్పుడు అట్ట మొరాయించింది.
చెవి దగ్గర పెట్టుకుని వంచమంది నివెస్:
ఎండినదైతే చిటుక్కుమనాలి,
ఇది ముసలి కుక్కలా మూలిగింది.
ఫొటో లేకుండా వట్టి అట్టనే ప్రెస్సులో పెట్టి
నిమిషం మూసి, తెరిచి, మళ్ళీ మూసి...
నా కళ్ళద్దాలు మసకబారాయి.
అన్ని నీళ్ళు, ఒక్క అట్టముక్కలో!

బోరా వీచే రోజుల్లో ఇదంతా అక్కర్లేదట.
ఆ గాలి టోపీల్నీ మనుషుల్నీ దొర్లిస్తుంది గాని
అట్టల్ని అప్పడాల్లా ఎండబెడుతుంది.
"ఈ ఊళ్ళో జిగురుది కూడా గాలివాటమే" అంది.

మూడోసారీ పొక్కింది.

ఫొటో తెచ్చిన దారియో ఫుర్లనిచ్
గొడుగు దులుపుకుంటూ అప్పుడే వచ్చాడు.
బొమ్మలో తొమ్మిదోవాడు ఆయనే, జుట్టున్న రోజుల్లో.
పొక్కుని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.
"ఎర్మీనియో! వాడంతే.
సైరన్ మోగకముందే వరసలోంచి జారుకునేవాడు.
నా పదమూడు వేల లీరెలు ఇప్పటికీ బాకీ."

నివెస్ నవ్వలేదు.
"ప్రతిసారీ అదే చోటంటే
మనిషిది కాదు, చోటుది తప్పు."
చిత్తు ఫొటో ఒకటి తలకిందులుగా పెట్టి నొక్కింది.
ఎవరిదో గుర్రం, దాని తొడ మీద
అచ్చంగా అక్కడే పొక్కు.

ప్రెస్సు చల్లారనిచ్చి
అడుగున ఉన్న స్పాంజి పరుపు లాగి
కిటికీకి పట్టింది.
మధ్యకి కాస్త ఎడంగా పల్లం.
పోస్టుకార్డు కన్నా కొంచెం పెద్దది,
నాలుగు మూలలూ తెలుస్తున్నాయి.
వేలితో తడిమి చాలాసేపు మాట్లాడలేదు.

ప్రతి మే నెలా
తెల్లగౌన్ల పిల్లల తొలి కమ్యూనియన్ ఫొటోలు
చేతికి దగ్గరని అక్కడే పెట్టి నొక్కేదట,
ముప్పై ఒక్క ఏళ్ళు.
కాగితమంత బరువు లేని పిల్లలు
ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు
గొయ్యి తవ్వి పోయారు.

కొత్త పరుపు వారానికొచ్చింది. గాలి మాత్రం మారలేదు.
అట్టని రెండుసార్లు ఎండబెట్టాం.
ఫొటోని వేడిలో మెల్లగా ఊడదీసి కొత్త టిష్యూ వేశాం.
ప్రెస్సులోంచి తీసిన వెంటనే పాలరాతి పలక కింద పెట్టాం.
ఈ టిష్యూ వేడిలో కరుగుతుందంతే,
పట్టు దొరికేది చల్లారేటప్పుడు.
నేను చేయి చాపబోతే
నివెస్ మణికట్టు మీద ఒక్కటి కొట్టింది.
దారియో రెండు కాఫీలు తాగాడు.

పలక తీశాం. మూల వంచాం. చప్పుడు లేదు.
ఎర్మీనియో అందరిలాగే చదునుగా ఉన్నాడు.
"ఇంత బుద్ధిగా వాణ్ణెప్పుడూ చూళ్ళేదు"
అన్నాడు దారియో, కొంచెం చిన్నబోయి.

"వేడి తగిలితే మళ్ళీ వదిలేస్తుంది.
ఎండ పడే గోడకి తగిలించకు."

"మా ఇంట్లో ఎండ పడే గోడ ఎక్కడుందమ్మా"
అని బ్రౌన్ కాగితంలో చుట్టిన పద్నాలుగు మందినీ
చంకలో పెట్టుకుని,
గొడుగు మర్చిపోయి వెళ్ళాడు.